మూడు స్క్రీన్ల ఎలక్ట్రిక్ కారు: ఏ స్క్రీన్‌లో ఏది పెట్టుకుంటున్నారు?

పుష్కరఘాట్, రాజమండ్రి

అందరికీ నమస్కారం. నెలకు రెండుసార్లు నేనే కారు నడుపుకుంటూ విశాఖ వెళ్తాను. ఒకసారి మావయ్యగారి గుండె చెకప్‌కి, ఇంకోసారి మా అమ్మాయి హాస్టల్‌కి. పోను 190 కిలోమీటర్లు. ఇంట్లో రాత్రంతా ఛార్జింగ్ పెట్టి, తెల్లవారుజామున 5 గంటలకు బయల్దేరతాం. ఎలక్ట్రిక్ కారు కొని ఏడు నెలలైంది. బండి మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు, నడుపుతుంటే హాయిగా ఉంటుంది. నా ఇబ్బందల్లా స్క్రీన్లతోనే.

స్టీరింగ్ వెనక ఒకటి, మధ్యలో ఒకటి, పక్క సీటు ముందు ఒకటి. మొత్తం మూడు. కొన్న కొత్తలో ఇంటికి వచ్చిన వాళ్లందరికీ చూపించాను. ఇప్పుడు భయం పట్టుకుంది. ఎందుకో చెప్తాను.

పోయిన నెల తుని దాటాక, నక్కపల్లి ఇంకా రాకముందు పెద్ద వాన. ముందు అద్దానికి లోపల ఆవిరి పట్టేసింది. నేనేమో ఛార్జింగ్ పాయింట్ ఎక్కడుందో చూద్దామని అప్పటికే మధ్య స్క్రీన్ నిండా మ్యాప్ పరిచి ఉంచాను. ఆవిరి పోగొట్టే బటన్ మ్యాప్ కింద దాక్కుంది. ఒకసారి నొక్కితే సీటు బొమ్మ వచ్చింది. వెనక్కి వచ్చి ఇంకోసారి నొక్కితే పాటలు వచ్చాయి. మూడోసారి వెతుకుతుంటే కారు గట్టిగా అరిచింది. తలెత్తేసరికి ముందు ట్యాంకర్ బ్రేకు లైట్లు. తొక్కాను, ఆగింది. ట్యాంకర్‌కీ నాకూ మధ్య ఒక ఆటో పట్టేంత చోటు మిగిలింది. మావయ్యగారు ఒక్క మాట కూడా అనలేదు, నా భుజం మీద చెయ్యి వేశారంతే. అన్నవరం నుంచి తెచ్చుకున్న ప్రసాదం ఆయన ఒళ్లోంచి జారి కింద పడిపోయింది.

రెండో సంగతి ఆయన ముందున్న స్క్రీన్. ఆయనకు మోకాళ్ల నొప్పులు, కాళ్లు చాపుకోవడానికి ముందు సీటే కావాలి. ఆ స్క్రీన్‌లో పాత పాటలు పెట్టుకుని చూస్తారు. అత్తయ్యగారు పోయాక ఆయన అంత సంతోషంగా కూర్చోవడం ఈ కారులోనే చూశాను. అది తీసేయమనడానికి నాకు నోరు రాదు. కానీ చీకట్లో ఆ స్క్రీన్ మీద బొమ్మ మారిన ప్రతిసారీ నా కన్ను అటు లాగుతుంది. ఎంత వద్దనుకున్నా లాగుతుంది.

నేను అడిగేవి ఇవి. మ్యాప్ ఏ స్క్రీన్‌లో పెట్టుకుంటే మంచిది? పక్క స్క్రీన్ నాకు కనబడకుండా ఏమైనా చేయవచ్చా? మూడూ వెలుగుతుంటే ఛార్జింగ్ ఎంత తినేస్తాయి? కారు పేరు అడగకండి, తప్పు కారుది కాదు. రోడ్డు మీంచి కన్ను తీసింది నేను.

కొండాపూర్ క్యాబ్, హైదరాబాద్

అక్కా, ముందు మీరు క్షేమంగా ఉన్నారు, అది చాలు. నేను ఎలక్ట్రిక్ క్యాబ్ నడుపుతాను, రోజుకు 10, 11 గంటలు. నా అనుభవం చెప్తాను.

మ్యాప్ స్టీరింగ్ వెనక ఉన్న స్క్రీన్‌లోనే పెట్టుకోండి. మధ్యలో వద్దు. మధ్య స్క్రీన్ చూడాలంటే తల తిప్పాలి, స్టీరింగ్ వెనకదానికి కన్ను దించితే చాలు. టాటా నెక్సాన్ ఈవీలో 2023 మోడల్ నుంచి ఫోన్‌లోని మ్యాప్ నేరుగా స్పీడు చూపించే స్క్రీన్‌లోకే వస్తుంది. మీ బండిలో కూడా ఉందేమో సెట్టింగ్స్ చూడండి. లేకపోతే కనీసం బాణం గుర్తూ, ఎన్ని మీటర్లలో తిరగాలో వచ్చినా చాలు. హైవే మీద మొత్తం మ్యాప్‌తో పనేముంది అక్కా? అన్నవరం నుంచి అనకాపల్లి వరకు రోడ్డు ఒకటే.

లెక్క ఒకటి చెప్తాను. 90 స్పీడులో కారు సెకనుకు 25 మీటర్లు పోతుంది. మీరు రెండు సెకన్లు కిందికి చూస్తే 50 మీటర్లు కళ్లు మూసుకుని నడిపినట్టే. నాకు ఈ సంగతి డిపోలో ఒక పెద్దాయన చెప్పాడు. అప్పటి నుంచి ట్రిప్పు మొదలయ్యే ముందే ఏసీ, పాటలు, మ్యాప్ అన్నీ సెట్ చేసుకుని, ఆ తర్వాతే బండి కదుపుతున్నాను. మధ్యలో ఏదైనా మార్చాలంటే పక్కకు ఆపుతాను. కస్టమర్ విసుక్కున్నా సరే.

వాన పడేలా ఉంటే బయల్దేరేటప్పుడే ఏసీని అద్దం వైపు పెట్టుకోండి. ఆవిరి పట్టాక వెతకడం కాదు, పట్టకుండా ముందే చూసుకోవాలి. స్టీరింగ్ మీద ఇష్టమైన పనికి వాడుకునే బటన్ ఏదైనా ఖాళీగా ఉంటే దానికి ఈ పని ఇచ్చేయండి.

ఇంకో మాట. ఫోన్ చేతిలో పట్టుకుని మాత్రం చూడకండి. 2020 అక్టోబరులో వచ్చిన రూల్ ప్రకారం ఫోన్‌ను దారి చూసుకోవడానికి మాత్రమే వాడాలి, అది కూడా డ్రైవింగ్ మీద ధ్యాస చెదరకుండా.

యోతెబోరి తెలుగువాడు, స్వీడన్

అండీ, మీరు రాసింది రెండుసార్లు చదివాను. తప్పు మొత్తం మీ మీద వేసుకోకండి. నేను ఇక్కడ కార్ల డిస్‌ప్లేల మీదే పని చేస్తాను, అందుకే కాస్త గట్టిగా చెప్తున్నాను. ఆవిరి పోగొట్టే బటన్‌ను మ్యాప్ కింద దాచడం మా రంగం చేసిన తప్పు.

2022లో ఇక్కడి వి బీలెగారె అనే కార్ల పత్రిక ఒక పరీక్ష చేసింది. 11 కొత్త కార్లు, వాటితో పాటు 2005 నాటి ఒక పాత వోల్వో వీ70. వాడకంలో లేని విమానాల రన్‌వే మీద 110 స్పీడులో పోతూ సీటు వేడి, ఏసీ, రేడియో లాంటి మామూలు పనులు చేయమన్నారు. డ్రైవర్లకు ముందుగా కారు అలవాటు చేసుకోవడానికి టైమ్ కూడా ఇచ్చారు. బటన్లున్న పాత వోల్వోలో మొత్తం పని 10 సెకన్లలో అయిపోయింది, ఆలోపు కారు 306 మీటర్లు పోయింది. అన్నిటికన్నా వెనకబడిన కొత్త కారులో అదే పనికి 44.9 సెకన్లు, 1,372 మీటర్లు. అంటే దాదాపు కిలోమీటరున్నర! ఈ లెక్క మా ఆఫీసులో నా డెస్కు మీద అంటించుకున్నాను.

ఆ తర్వాత మార్పు మొదలైంది. కొత్త కార్ల భద్రతను పరీక్షించి స్టార్లు ఇచ్చే యూరప్ సంస్థ యూరో ఎన్‌క్యాప్ వాళ్లు 2026 నుంచి ఇండికేటర్, హజార్డ్ లైట్లు, హారన్, వైపర్లు, ఎమర్జెన్సీ కాల్ వీటికి విడిగా బటనో, లివరో ఉంటేనే పూర్తి మార్కులు ఇస్తామన్నారు. ఏసీ, అద్దం ఆవిరి ఆ జాబితాలో లేవు. ఉండాలని నా ఆశ.

పక్క స్క్రీన్ గురించి. దీనికి రెండు రకాల ఉపాయాలున్నాయి. పోర్షే కాయెన్‌లో 2023 మోడల్ నుంచి పక్క స్క్రీన్ మీద ఒక ప్రత్యేకమైన పొర ఉంటుంది, డ్రైవర్ సీటు నుంచి చూస్తే బొమ్మ కనబడదు. మెర్సిడెస్ ఈక్యూఎస్‌లో 141 సెంటీమీటర్ల పొడవున్న ఒకే అద్దం కింద మూడు స్క్రీన్లు ఉంటాయి. అందులో డ్రైవర్ చూపు పక్క స్క్రీన్ వైపు వెళ్తే కెమెరా కనిపెట్టి ఆ బొమ్మను మసకబారుస్తుంది. మీ కారులో ఇవేవీ లేకపోతే ఆ స్క్రీన్ వెలుతురు బాగా తగ్గించండి. మావయ్యగారికి బ్లూటూత్ హెడ్‌ఫోన్ పెట్టండి. మీ స్పీకర్లలో మ్యాప్ మాట మాత్రమే వినబడుతుంది, మీ చెవి ఖాళీగా ఉంటుంది. పాటల్లో మీకూ వినబడేది ఉంటే కన్ను దాని వెంటే వెళ్తుంది, అది సహజం.

ఛార్జింగ్ భయం అసలు వద్దు. మూడు స్క్రీన్లు, వాటి కంప్యూటర్ కలిపి 100 వాట్లు అనుకున్నా, నాలుగు గంటల ప్రయాణానికి 400 వాట్-అవర్లు. అంటే రెండు, మూడు కిలోమీటర్ల దూరం తగ్గుతుందంతే. ఏసీ దీనికి పదింతలు తినగలదు.

ఎడిసన్ బావ, న్యూజెర్సీ

మాది టెస్లా మోడల్ వై. ఇందులో స్టీరింగ్ వెనక స్క్రీన్ లేదు, ఉన్నదంతా మధ్యలో 15 అంగుళాల ఒక్కటే. స్పీడు కూడా దాంట్లోనే చూడాలి. మా ఆవిడకు అలవాటు కావడానికి నెల పట్టింది. కాబట్టి మూడుంటే చెడ్డ, ఒకటుంటే మంచిది అని కాదు.

ఒక్క విషయం గుర్తు పెట్టుకోండి చెల్లెమ్మా. ఛార్జింగ్ కోసం వెళ్లేటప్పుడు ఫోన్ మ్యాప్ కన్నా కారులో ఉండే సొంత మ్యాప్ ఎక్కువ పనికొస్తుంది. బ్యాటరీలో ఎంత మిగిలిందో దానికి తెలుసు, అక్కడికి చేరేసరికి ఎంత ఉంటుందో చెప్తుంది. మా కారులో ఛార్జర్‌ను గమ్యంగా పెడితే దారిలోనే బ్యాటరీని వేడి చేసి సిద్ధంగా ఉంచుతుంది. జనవరి చలిలో ఆ తేడా బాగా తెలుస్తుంది. మీకు రాజమండ్రిలో చలితో పని లేదు గానీ, ఎంత మిగులుతుందో తెలిస్తే సగం టెన్షన్ పోతుంది. ఛార్జర్ కోసం వెతికే పని ఇంట్లోనే చేసుకోండి.

కదిలే కారులో బొమ్మల గురించి ఇక్కడా గొడవైంది. టెస్లాలో బండి నడుస్తుండగా కూడా స్క్రీన్ మీద ఆటలు ఆడుకునే వీలుండేది. 2021 డిసెంబరులో ఇక్కడి రోడ్డు భద్రతా సంస్థ సుమారు 5 లక్షల 80 వేల కార్ల మీద విచారణ మొదలుపెడితే, అదే నెలలో కంపెనీ ఆ వీలు తీసేయడానికి ఒప్పుకుంది.

పుష్కరఘాట్, రాజమండ్రి

ముగ్గురికీ ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు. నిన్ననే విశాఖ వెళ్లొచ్చాం. ఏం జరిగిందో రాస్తాను, నాలాంటి వాళ్లెవరికైనా పనికొస్తుంది.

మ్యాప్‌ను స్టీరింగ్ వెనక స్క్రీన్‌కి మార్చాను. సెట్టింగ్స్‌లో వెతకడానికి ఇంటి ముందు అరుగు దగ్గర బండి పెట్టుకుని అరగంట కూర్చున్నాను. స్టీరింగ్ మీద నక్షత్రం గుర్తున్న బటన్‌కి అద్దం ఆవిరి పని ఇచ్చాను. చూడకుండా వేలితో తడిమి పది సార్లు నొక్కి చూసుకున్నాను. పాయకరావుపేట దగ్గర మళ్లీ చినుకులు. ఈసారి రోడ్డు మీంచి కన్ను తీయలేదు.

మావయ్యగారి సంగతి మాత్రం ఎవరూ చెప్పని దారిలో తేలింది. మీ జవాబులన్నీ ఆయనకు చదివి వినిపించాను. హెడ్‌ఫోన్ అనగానే వద్దన్నారు. నేను బాధపడ్డారనుకున్నాను. ఆయన అన్నది వేరు: "ఇంజను క్యాబులో ముందు కూర్చున్నవాడు పాటలు చూస్తాడటమ్మా? నాకు ఇన్నాళ్లూ తోచలేదు."

ఆయన రైల్వేలో లోకో పైలట్‌గా రిటైర్ అయ్యారు. రైలు ఇంజన్లో పైలట్, అసిస్టెంట్ ఇద్దరూ సిగ్నల్ కనబడగానే పైకి చెప్పుకుంటారట. ఒకరు చెప్తే రెండోవారు తిరిగి అనాలి. డ్యూటీలో ఫోన్ కట్టేసి ఉంచాలి. "నా స్క్రీన్‌లో ఆ మ్యాప్ పెట్టు, నేను చెప్తాను, నువ్వు రోడ్డు చూడు" అన్నారు. మా కారులో మూడో స్క్రీన్‌కి కూడా మ్యాప్ పంపవచ్చు, ఆ సంగతి నాకు ఏడు నెలలుగా తెలియదు.

జగ్గంపేట దాటేదాకా కొంచెం తడబడ్డారు, రెండు వేళ్లతో మ్యాప్‌ను పెద్దది చేయడం ఆయనకు కొత్త. కత్తిపూడి వచ్చేసరికి అలవాటైపోయింది. ఛార్జింగ్ పాయింట్ ఎంత దూరం, చేరేసరికి బ్యాటరీ ఎంత, ముందు ట్రాఫిక్ చూపించే ఎర్రగీత ఎక్కడుంది, అన్నీ ఆయనే చూసి చెప్పారు. మ్యాప్ గొంతు కట్టేశాను, ఆయన గొంతు చాలు. పాటలు అన్నవరంలో కాఫీకి ఆగినప్పుడు పెట్టాను. బండి ఆపి ఉంది కాబట్టి ఇద్దరం కలిసి రెండు పాటలు చూశాం. నిజానికి ఆయనతో అలా కూర్చుని పాట చూడటం అదే మొదటిసారి.

తిరిగి వచ్చేటప్పుడు చీకటి పడింది. ఎదుటి లైట్లు కళ్లలో కొడుతున్నాయి. ఆయన స్క్రీన్ వెలుతురు తనే తగ్గించుకుని, నిటారుగా కూర్చున్నారు.

"వేంపాడు టోలు, రెండు కిలోమీటర్లు" అన్నారు.

నేను పలకలేదు.

"తిరిగి అనాలమ్మా" అన్నారు.

"వేంపాడు టోలు, రెండు కిలోమీటర్లు" అన్నాను.