దిండు గలీబులు కుడుతుంటే కింద దారం గూడు కడుతోంది, తప్పు మిషన్‌దా గుడ్డదా?

కొత్తసూది:
అందరికీ నమస్తే. అమ్మ కాళ్ళ మిషన్ ఈమధ్యే నా దగ్గరికి వచ్చింది. సంక్రాంతికి సోఫా దిండ్లకి అయిదు గలీబులు కుట్టి, మధ్యలో చేత్తో ఓ పువ్వు వేద్దామని, మెరుపు చూసి శాటిన్ మూడు మీటర్లు తెచ్చేశా. అది చేతిలో నిలవదు, కత్తెర పెడితే ఒక పక్క 16 అంగుళాలు, ఇంకో పక్క పదిహేనున్నర. కుట్టు పైన బాగానే ఉంటుంది, తిప్పి చూస్తే పిచ్చుక గూడే. బాబిన్ మూడుసార్లు చుట్టాను. పువ్వు ఒక్క రేకు కుట్టేసరికి గుడ్డ ముడుచుకుపోయింది. మిషన్ రిపేరుకి ఇవ్వాలా? దిండ్లు 16 అంగుళాలవి, మళ్ళీ కొంటే ఎంత గుడ్డ కావాలి?

పాతకత్తెర:
రిపేరుకి అప్పుడే ఇవ్వకండి. గూడు కింద కడితే తప్పు చాలావరకు పై దారంలోనే, అందరూ పాపం బాబిన్‌నే తిడతారు. సూది దగ్గర గుడ్డని నొక్కి పట్టే ఫుట్ పైకి ఎత్తి, పై దారం మొత్తం తీసేసి మళ్ళీ ఎక్కించండి. ఫుట్ దించి ఎక్కిస్తే పై దారాన్ని బిగువుగా పట్టే టెన్షన్ బిళ్ళలు మూసుకుని ఉంటాయి, దారం వాటి మధ్యలోకి దిగదు, వదులుగా కిందకి పోయి చిక్కుపడుతుంది. కుట్టు మొదలుపెట్టేటప్పుడు రెండు దారాల కొసలూ వెనక్కి లాగి పట్టుకోండి. సూది కూడా మార్చండి, మామూలు కాటన్‌కి 14 నంబరు చాలు. ముందు ఇంట్లో పాత చీర ముక్క మీద ఓ గంట కుట్టి చూడండి.

పెడనకోడలు:
పాత చీర ప్రాక్టీసుకి సరే, గలీబుకి మాత్రం వద్దు, నలిగిన నూలు కుట్టు పక్కనే చిరుగుతుంది. శాటిన్ దాచిపెట్టండి, చెయ్యి కుదిరాక చూద్దురు గాని. కేస్‌మెంట్ అనే మందపాటి కాటన్ గానీ మా పెడన అచ్చుల కలంకారీ కాటన్ గానీ తీసుకోండి. 44 అంగుళాల పన్నా అయితే ఒక్కో గలీబుకి అర మీటరు, అయిదింటికి రెండున్నర. ముందుభాగం 17కి 17, వెనక రెండు ముక్కలు 12కి 17, అంటే అడ్డంగా 41, ఒక్క వరసలో వచ్చేస్తాయి. వెనక ముక్కలకి ఒక్కో పొడుగు అంచు అంగుళం మడిచి కుట్టి, ఒకదాని మీద ఒకటి అయిదు అంగుళాలు ఎక్కించండి, జిప్పు బాధే ఉండదు. కొయ్యకముందే విడిగా నీళ్ళలో నానబెట్టి నీడన ఆరేసి ఇస్త్రీ చేయాలి, లేకపోతే మొదటి ఉతుక్కే గలీబు దిండుకి పట్టదు. ఉప్పు వేస్తే రంగు నిలుస్తుందంటారు, నాకు నమ్మకం లేదు. తడి తెల్లగుడ్డతో రుద్ది చూడండి, ఎరుపు అంటితే ఇంకోసారి జాడించండి.

గొలుసుకుట్టు:
పువ్వు ముడుచుకోవడానికి కారణం దారం బిగించి లాగడమే, పైగా ఎంబ్రాయిడరీ దారంలో ఉండే ఆరు పోగులూ ఒకేసారి ఎక్కించి ఉంటారు. రెండు పోగులు విడదీయండి, దారం మూరెడుకి మించొద్దు, రింగులో గుడ్డ బిగుతుగా ఉండాలి. అసలు మీరు కలంకారీ కొంటే ట్రేసింగ్ పనే లేదు, అచ్చులో ఉన్న పువ్వు గీత మీదే గొలుసు కుట్టు వేసుకుంటూ పోవడమే! నేను మొదట నేర్చుకున్నది అలాగే, ఎక్కడైనా వంకర పోయినా డిజైన్‌లో కలిసిపోతుంది. ఒకటి మర్చిపోకండి, పువ్వు ముందు, గలీబు కుట్టడం తర్వాత. నేను గలీబు కుట్టేశాక మొదలుపెట్టి ముందూ వెనకా కలిపి కుట్టేశా, అదో పెద్ద కథ.

కొత్తసూది:
ఫుట్ ఎత్తి ఎక్కించానండీ, గూడు పోయింది! ఇన్నాళ్ళూ దించే ఎక్కిస్తున్నా. కలంకారీ రెండున్నర మీటర్లు తెచ్చి నానబెట్టాను, నీళ్ళు మాత్రం పాకం రంగులోకి వచ్చాయి. శాటిన్ మా అక్క లంగా లైనింగ్‌కి అడుగుతోంది, ఇచ్చేయనా?

పెడనకోడలు:
ఇచ్చేయండి, ఆలోచించకండి. నీళ్ళు తేటపడే దాకా జాడించాకే కత్తెర పట్టుకోండి.