అప్‌డేట్: వాడిపోయిన టమాటా మొక్కలు, తేలింది బాక్టీరియా తెగులే

మేడమీద గ్రో బ్యాగుల్లో టమాటాలు ఆకు పచ్చగా ఉండగానే తల వాల్చేస్తున్నాయని, నీళ్లు పోసినా తేరుకోవట్లేదని అడిగాను కదా. మీరు చెప్పిన గ్లాసు పరీక్ష చేశాను. మొదలు దగ్గర 2 అంగుళాల కాండం ముక్క కోసి, కొస మాత్రమే తేటనీళ్లలో మునిగేలా వేలాడదీస్తే, 5 నిమిషాల్లో పాలలాంటి దారాలు దిగాయి. అంటే బాక్టీరియా ఎండు తెగులు. ఫ్యుజేరియం (శిలీంధ్రం వల్ల వచ్చే ఎండు తెగులు) అయితే కింది ఆకులు ముందు పసుపెక్కుతాయి, తరచూ ఒక పక్కనే. కాండంలో గోధుమరంగు చార ఉన్నా నీళ్లలో పాలు దిగవు.

దీనికి మందు లేదు. మొక్కల్ని వేళ్లు, మట్టితో సహా తీసేశాను, కంపోస్టులో వేయలేదు. కత్తెరను స్పిరిట్‌తో తుడిచాను. బ్యాగులన్నిటికీ కలిపి పెట్టిన ట్రే కూడా తీసేశాను. ఒకదాన్నుంచి కారిన నీళ్లే ఇంకోదానికి అంటిస్తాయి.

ఈసారి కొత్త మట్టిలో అర్క రక్షక్ వేస్తున్నా, ఈ తెగులును తట్టుకునే రకం. తెగులు తగిలిన మట్టిలో వంగ, మిర్చి కూడా వద్దు, అవీ అదే కుటుంబం. మన హైదరాబాద్ ఏప్రిల్, మే ఎండల్లో తడిపిన మట్టిని పారదర్శక పాలిథిన్ కింద 4 నుంచి 6 వారాలు ఉంచితే ఉధృతి తగ్గుతుంది, పూర్తిగా పోతుందని మాత్రం నమ్మకండి.

అన్నట్టు, మధ్యాహ్నం వాడి సాయంత్రానికి లేచే మొక్కను తొందరపడి పీకకండి. అది చాలాసార్లు ఎండ దెబ్బే.