ఒడియా వారి అభిమానం, మన అలుక

మిత్రులకు నమస్కారం. అలుకకూ కోపానికీ తేడా ఏమిటని నిన్న ఒకరు అడిగారు. ఆ తేడా నాకు పర్లాకిమిడిలోని మా ఇంట్లోనే తెలిసివచ్చింది.

మా కోడలిది ఒడియా కుటుంబం. పెళ్లయిన కొత్తలో ఒకనాటి సాయంత్రం ఆరిన బట్టలు మడతపెడుతూ, "అత్తమ్మా, ఆయన మీద నాకు చాలా అభిమానం వచ్చింది" అంది. తెలుగులోనే అనడంతో నేను తెలుగు అర్థమే తీసుకుని ఎంతో సంతోషించాను. తీరా చూస్తే అందరి బట్టలూ బీరువాలోకి చేరాయి గాని, మా అబ్బాయి చొక్కాలు మాత్రం కుర్చీ మీద కుప్పగా ఉండిపోయాయి. మధ్యాహ్నం అన్నం తినకుండా తన కోసం ఎదురుచూసిన మనిషితో, బయట తినేశానని తేలిగ్గా అన్నాడట.

సంస్కృతంలో అభిమానమంటే ప్రధానంగా గర్వం. తెలుగులో అది ఒకవైపు ఆత్మగౌరవంగానూ మరొకవైపు ప్రీతిగానూ స్థిరపడింది కనుక, "అభిమానం చంపుకొని అడిగాను" అన్నా "నేనంటే ఆమెకు అభిమానం" అన్నా మనం తడబడము. ఒడియాలో మాత్రం, బెంగాలీలో లాగానే, తనవారనుకున్నవారు నొప్పించినప్పుడు కలిగే బాధకు ఆ పేరు. మన అలుకా అటువంటిదే. కూరలమ్మే మనిషి మీద కోప్పడతాము గాని అలగము. అలిగినవారు మాట మానేసినా, పిలుస్తారేమోనని చెవి గుమ్మం వైపే ఉంచుతారు. నంది తిమ్మన పారిజాతాపహరణంలో సత్యభామ కృష్ణుని తలను ఎడమకాలితో తోసిన పద్యంలో కవి వాడిన మాట "పేరలుక". అంత పనికీ కోపమనకుండా పెద్ద అలుక అనడం నాకెంతో సరైన మాటగా తోస్తుంది.

అలుక ఆడవారి స్వభావమన్న మాటను మాత్రం నేను ఒప్పుకోను. మన పెళ్లిళ్లలో అలకపాన్పు ఎక్కేది అల్లుడు. ఆ అలకను అత్తవారు కానుకలిచ్చి వేడుకగా తీరుస్తారు; అదే ఇంటి కోడలు నాలుగు రోజులు మాట్లాడకపోతే మొండిది అంటారు.

ఆ రాత్రి మా అబ్బాయికి ఆమె అన్న మాట చెప్పగానే, అతనికి ఒడియా అర్థమే తట్టింది. చొక్కాలు తానే మడతపెట్టుకున్నాడు. ఆమె దగ్గరకు వెళ్లి "ఎందుకు నొచ్చుకున్నావు" అని అడగడానికి మాత్రం మర్నాటి దాకా పట్టింది.

బరంపురం, రాయగడ వైపు తెలుగు ఇళ్లలో అభిమానానికి ఈ అర్థం వాడుకలో ఉందా? విన్నవారు ఆ వాక్యాన్ని విన్నది విన్నట్టుగా రాయవలసిందిగా కోరుతున్నాను.