బాగుచేయించడానికి ఇంకా రెండేళ్లు పడుతుంది, ఈలోగా తుప్పును ఆపేదెలా?

పాతబండి67:
మా నాన్నగారి 1967 ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ షెడ్డులో ఉంది. పూర్తిగా విప్పి బాగుచేయించాలి కానీ రెండేళ్ల దాకా డబ్బూ తీరికా కుదరవు. మొన్న వెనక సీటు ఎత్తితే, బ్యాటరీ కూర్చునే చోట రేకు పొరలు పొరలుగా లేచి ఉంది. స్క్రూడ్రైవరు మొనతో మెల్లగా తడితే దిగబడిపోయింది, కన్నంలోంచి నేల కనిపించింది. మిగతా ఫ్లోరు గట్టిగానే ఉంది, గోధుమరంగు పొడి మాత్రం చేతికి అంటుతోంది. పైన ప్లాస్టిక్ టార్పాలిన్ కప్పి ఉంచాను. వాడేసిన ఇంజిన్ ఆయిల్ అడుగంతా పూయమని ఒకరు, గీకి ప్రైమర్ కొట్టమని ఇంకొకరు అంటున్నారు. వారానికోసారి ఐదు నిమిషాలు ఇంజిన్ నడుపుతున్నాను, అది మంచిదేనా?

గ్రీజుచేతులు:
ముందు లేచి వెళ్లి ఆ టార్పాలిన్ తీసేసి రండి, మిగతాది తరవాత చదవవచ్చు. నా కారుకూ నాలుగు నెలలు అలాగే కప్పాను. ఎత్తి చూస్తే లోపలివైపు నీటిబొట్లు వరసగా వేలాడుతున్నాయి, అవి పడిన చోటల్లా రూఫ్ మీద పెయింట్ పొక్కింది. ప్లాస్టిక్ పట్టాను కారు కింద పరవండి, నేలలోంచి ఊరే చెమ్మను ఆపుతుంది. పైన గాలి ఆడే గుడ్డ చాలు. షెడ్డులో తేమ 50 శాతం దాటకుండా చూసుకోగలిగితే తుప్పు చాలా నెమ్మదిస్తుంది.

ఆ చిల్లు బ్యాటరీ యాసిడ్ పని. బ్యాటరీ తీసేసి, వంటసోడా కలిపిన నీళ్లు అక్కడ పోయండి. బుసబుసా పొంగుతుంది. పొంగడం ఆగేదాకా పోసి, మంచినీళ్లతో కడిగి, రెండు రోజులు ఫ్యాన్ పెట్టి ఆరబెట్టండి. యాసిడ్ ఉండగా పైన ఏది పూసినా అడుగున తినడం మానదు.

మిగతా ఫ్లోరు మీద లేచిన పొరల్ని వైర్ బ్రష్‌తో రాల్చి అక్కడితో ఆపండి. తళతళలాడేదాకా రుద్దారో, తెల్లారేసరికి ఆ ఇనుము మళ్లీ ఎర్రబడుతుంది. పూర్తిగా ఆరాక లానోలిన్ (గొర్రె ఉన్ని నుంచి తీసే జిడ్డు) గానీ మైనం కలిసిన తుప్పు నిరోధకం గానీ పూయండి. వెల్డింగ్‌కు ముందు దాన్ని తుడిచెయ్యాలని మాత్రం గుర్తుంచుకోండి, లేకపోతే నిప్పంటుకుంటుంది. వాడేసిన ఆయిల్ మాత్రం వద్దు. అందులో ఆమ్లాలుంటాయి, రబ్బరును పాడుచేస్తుంది, చర్మానికీ మంచిది కాదు. పైగా రేపు పెయింటర్ మిమ్మల్ని తిట్టుకుంటాడు.

రేకుపని:
ప్రైమర్ విషయంలో నాదొక మాట. మామూలు ప్రైమర్ నీటిని పీల్చుకుంటుంది, అది కొట్టి రెండేళ్లు వదిలేస్తే కింద తుప్పు హాయిగా పెరుగుతుంది. నీటిని అంతగా పీల్చని ఎపాక్సీ ప్రైమర్ (గట్టిపరిచే ద్రవం కలిపి కొట్టేది) నయం, కానీ దానికి రేకు నిజంగా శుభ్రంగా ఉండాలి. మీరిప్పుడు అంత పని పెట్టుకోవడం లేదు కదా.

బీటిల్‌లో అసలు భయపడాల్సింది తలుపుల కింద పొడవునా ఉండే హీటర్ ఛానళ్లకు. ఇంజిన్ దగ్గరి వేడిగాలి వాటిలోంచే వస్తుంది, అవి లోపలినుంచి కుళ్లుతాయి, బయటికి తెలియదు. పొడవాటి గొట్టం ఉన్న స్ప్రేతో లోపలికి మైనం కొట్టండి. కారు ముందువైపు ఉండే డిక్కీలో స్పేర్ టైరు ఎత్తి ఆ గుంట కూడా చూడండి.

గ్రీజుచేతులు:
ఇంజిన్ సంగతి మరిచాను. లీటరు పెట్రోలు కాలితే సుమారు లీటరు నీరు పుడుతుంది. ఐదు నిమిషాల్లో సైలెన్సర్ సరిగ్గా వేడెక్కదు, ఆ నీరు కొంత లోపలే నిలుస్తుంది. నడిపితే రోడ్డు మీద అరగంట నడపండి, లేకపోతే అసలు స్టార్ట్ చేయకండి.

పాతబండి67:
సోడా మూడుసార్లు పోశాక పొంగు ఆగింది. టార్పాలిన్ సంగతి మీరన్నట్టే, రూఫ్ మీద చేయి పెడితే తడి. తలుపు అడుగున నీళ్లు పోయే కన్నాలను సన్నటి తీగతో పొడిచాను, నల్లటి బురద, కుళ్లిన ఆకుల ముక్కలు పిడికెడు వచ్చాయి. రెండో తలుపు రేపు.