బిల్డ్ చేశాక కాపీరైట్ నోటీసులు పోతున్నాయి, అర్జెంట్

నీలిగోరింట: మధ్యాహ్నం నుంచి దీని మీదే కూర్చున్నాను, ఇక ఓపిక లేదు. మేం వాడిన లైబ్రరీలన్నీ, అంటే వేరేవాళ్లు రాసిన రెడీమేడ్ కోడంతా, ఎంఐటీ లైసెన్సువే, ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. చాలా ఫైళ్ల పైన కాపీరైట్ నోటీసు ఉంది. బిల్డ్ అయ్యాక, అంటే కోడంతా రిలీజ్ ఫైళ్లుగా మారాక, చూస్తే ఒక్కటీ లేదు. చేత్తో పెడితే తర్వాతి బిల్డ్‌లో మళ్లీ పోతోంది. రేపే రిలీజ్.

గడియారం: లైసెన్స్ చదవండి. ఉన్నది ఒక్కటే షరతు.

నీలిగోరింట: చదివానండీ. అన్ని కాపీల్లోనూ నోటీసు ఉండాలంది. అందుకే ఈ టెన్షన్.

పాతకాపు: టెన్షన్ పడాల్సిందే. కష్టపడి రాసి ఊరికే ఇచ్చినవాళ్లు అడిగిందల్లా పేరు చెరపొద్దనే కదా. బొమ్మ రైళ్లు నడిపే సాఫ్ట్‌వేర్ విషయంలో జాకబ్‌సన్, కాట్జర్‌ల కేసు చూడండి. అది ఆర్టిస్టిక్ లైసెన్సు, ఇలాంటి ఉచిత లైసెన్సే. దాని షరతులు తప్పితే కాపీరైట్ ఉల్లంఘన కింద దావా వేయొచ్చని 2008లో అమెరికా ఫెడరల్ సర్క్యూట్ కోర్టు చెప్పింది. పాత బీఎస్‌డీ లైసెన్సులో అయితే ప్రకటనల్లో కూడా పేరు వేయాల్సి వచ్చేది, 1999లో దాన్ని రాసిన బర్క్లీ యూనివర్సిటీ వాళ్లు ఆ నిబంధన తీసేశారు.

గడియారం: ఆయన అడిగింది చరిత్ర కాదు.

దారపుఉండ: నాదీ ఓ సందేహం. ఒక్క ఫంక్షనే తీసుకుంటే? లైసెన్సులో ‘గణనీయమైన భాగం’ అని ఉంది కదా.

పాతకాపు: ఒక్క ఫంక్షనైనా పెట్టాల్సిందే.

గడియారం: అలా అని ఎక్కడుంది? నాలుగు లైన్లు గణనీయం ఎలా అవుతుంది?

పాతకాపు: లైన్లు లెక్కపెట్టి తేల్చేది కాదది. ఆ నాలుగు లైన్లే అసలు పనంతా చేస్తుండొచ్చు.

మెట్లబావి: నీలిగోరింట గారూ, బిల్డ్ దేనితో చేస్తున్నారు?

నీలిగోరింట: వెబ్‌ప్యాక్ 5, జావాస్క్రిప్ట్ ఫైళ్లన్నీ కలిపి కట్టే టూల్. అందరూ వాడేదేగా.

మెట్లబావి: అయితే అందులో కోడ్‌ని కుదించే టెర్సర్ పని ఇది. కోడ్‌లోని మామూలు కామెంట్లు తీసేస్తుంది. ఆశ్చర్యార్థకంతో మొదలయ్యేవి, ‘@లైసెన్స్’ గుర్తు ఉన్నవి మాత్రం తీసి పక్కన వేరే టెక్స్ట్ ఫైల్లో పెడుతుంది. బండిల్, అంటే కలిపి కట్టిన ఫైలు, పేరుకే చివర లైసెన్స్ అని చేరి ఉంటుంది, అవుట్‌పుట్ ఫోల్డర్లో చూడండి.

నీలిగోరింట: ఉంది! మా డిప్లాయ్ స్క్రిప్టు సర్వర్‌కి జావాస్క్రిప్ట్ ఫైళ్లనే పంపుతోంది, ఇది ఇక్కడే ఉండిపోయింది. కానీ ఇందులో సగం లైబ్రరీలే ఉన్నాయి.

మెట్లబావి: మిగతావాటి కామెంట్లకు ఆ గుర్తు ఉండదు. కొన్నింటి నోటీసు ప్యాకేజీలోని లైసెన్స్ ఫైల్లోనే ఉంటుంది. వాటిని పోగుచేసే ప్లగిన్లు ఉన్నాయి, ఒకటి పెట్టుకోండి. అపాచీ 2.0 లైసెన్సున్న లైబ్రరీ ఏదైనా ఉంటే దాని నోటీస్ ఫైలూ చూసుకోండి.

నీలిగోరింట: సరే, పెట్టాను. వస్తున్నాయి. థాంక్స్.

దారపుఉండ: మరి నా ఫంక్షన్ సంగతి?