అప్‌డేట్: చీలమండల దగ్గర దురద దద్దుర్లు

రెండు మూడు కలిసి గుంపుగా వచ్చిన ఎర్రటి దద్దుర్లు, మధ్యలో చిన్న చుక్క, ఏంటివి అని ఇంతకుముందు పోస్టులో అడిగాను కదా. ఫ్లీ (పిల్లులు, కుక్కల ఒంటి మీద ఉండి రక్తం పీల్చే చిన్న పురుగు) కాట్లే. పిల్లి బొచ్చులోంచి దువ్వెనకు వచ్చిన నల్లటి రవ్వను తడి టిష్యూ మీద వేస్తే ఎర్రగా కరిగింది. అంటే అది ఫ్లీల మలం, అందులోది జీర్ణమైన రక్తం.

సబ్బుతో కడిగి, గుడ్డలో చుట్టిన ఐసు 10 నిమిషాలు పెట్టడం, 1% హైడ్రోకార్టిసోన్ (దురద తగ్గించే క్రీమ్) రోజుకు రెండుసార్లు పల్చగా (గోకి చిట్లినచోట వద్దు), రాత్రి 10 మి.గ్రా. సెటిరిజిన్ (అలర్జీ మాత్ర, పెద్దల మోతాదు). వీటితో దురద తగ్గింది. చీము, వేడి, పాకే ఎరుపు కనిపిస్తే మాత్రం డాక్టరే.

కొత్త కాట్లు ఆగలేదెందుకంటే, గూటిలోని ప్యూపాలకు (పురుగుగా మారే ముందు దశ) పురుగుమందు స్ప్రే అంతగా పనిచేయదు. పక్కబట్టలు 60 డిగ్రీల నీళ్లలో, వ్యాక్యూమ్ రోజూ, వారాల తరబడి. పిల్లికి మందు వెటర్నరీ డాక్టర్‌నడిగే వేయాలి. కుక్కలకు వేసే పెర్మెత్రిన్ (పురుగుమందు) చుక్కలు పిల్లి ప్రాణం తీస్తాయి.