ఏడిపించే పిల్లవాడికి టీసీ ఇచ్చి పంపేయడం న్యాయమేనా?

కానూరు అమ్మ:
మా బాబు ఏడో తరగతి. కొంచెం నత్తి ఉంది. స్కూల్ వ్యాన్‌లో ఎనిమిదో తరగతి అబ్బాయి ఒకడు మూడు నెలలుగా రోజూ వాడి మాటను అనుకరిస్తున్నాడట, మిగతా పిల్లలు నవ్వుతారట. నాకు ఈ సంగతి మంచినీళ్ల సీసా వల్ల తెలిసింది. పొద్దున నింపి పంపిన సీసా సాయంత్రం అలాగే తిరిగొచ్చేది. ఈ విజయవాడ ఎండల్లో నీళ్లెందుకు తాగట్లేదని గట్టిగా అడిగితే అప్పుడు చెప్పాడు. నీళ్లు తాగితే బాత్రూమ్‌కి వెళ్లాలి, అక్కడ ఆ అబ్బాయీ వాడి స్నేహితులూ ఉంటారు, తన పేరు తడబడకుండా చెప్పేదాకా బయటికి పోనివ్వరు.

ప్రిన్సిపల్‌ని కలిస్తే "పిల్లలన్నాక మామూలే" అన్నారు. ఆ అబ్బాయికి టీసీ ఇచ్చి పంపేదాకా వదలొద్దని మా వారు. ఆ పిల్లాడి చదువు పాడు చేయొద్దని మా అత్తయ్య. మీరైతే బడిని ఏం అడుగుతారు?

ఆటోనగర్ నాన్న:
టీసీ దాకా వెళ్లకండమ్మా. నేను గుంటూరు దగ్గర ఊరి బడిలో చదివాను. బక్కోడా అని పిలిచేవాళ్లు, ఒకసారి కాలవలోకి తోశారు. మర్నాడు నేనూ తోశాను, అక్కడితో అయిపోయింది. మా అమ్మాయి పెళ్లిలో వాళ్లే దగ్గరుండి వడ్డించారు. మీ బాబుని కరాటేలో చేర్పించండి. ప్రతిదానికీ మనం వెళ్లి నిలబడితే రేపు ఉద్యోగంలో ఎలా నెగ్గుకొస్తాడు?

బ్రాడీపేట టీచర్:
ఆటోనగర్ గారూ, మీది దెబ్బలాట అండీ. మీరు మర్నాడు తిరిగి తోయగలిగారు. 1970ల నుంచి దీనిమీద పరిశోధన చేసిన నార్వే శాస్త్రవేత్త డాన్ ఓల్వియస్ ఈ తేడానే చూపించారు. కావాలని చేయడం, మళ్లీ మళ్లీ చేయడం, అవతలివాడు ఎదురు నిలవలేడని తెలిసి చేయడం, ఈ మూడూ కలిసినదే ఏడిపింపు. నత్తి ఉన్న పిల్లవాడికి మాటే బలహీనత, సరిగ్గా దాన్నే పట్టుకున్నారు. తిరిగి కొట్టమంటే ఏమవుతుందో ఇరవై రెండేళ్లుగా చూస్తున్నాను. మూడు నెలలు ఓర్చుకున్నవాడు ఒక్కసారి కొడతాడు. టీచర్ కంట పడేది ఆ ఒక్క దెబ్బే.

అక్కడితో అయిపోయిందన్నారు. అందరికీ అలా అయిపోదు. బ్రిటన్‌లో 1958లో ఒకే వారంలో పుట్టిన పిల్లల్ని దశాబ్దాల పాటు గమనిస్తూ వచ్చారు. 7, 11 ఏళ్లప్పుడు తరచూ ఏడిపింపులకు గురైనవారిలో 45 ఏళ్లకు కూడా కుంగుబాటు, ఆందోళన ఎక్కువగా ఉన్నాయని 2014లో ప్రచురించారు. మామూలే అన్న ప్రిన్సిపల్ గారి మాట సంఖ్య వరకు నిజమే, ప్రపంచంలో దాదాపు ముగ్గురు విద్యార్థుల్లో ఒకరు నెల రోజుల్లో ఒక్కసారైనా దీనికి గురయ్యారని 2019 యునెస్కో నివేదిక. ఎక్కువమందికి వస్తోందని జ్వరానికి మందు వేయడం మానేస్తామా?

టీసీ విషయానికొస్తే, 2009 విద్యాహక్కు చట్టం 16వ సెక్షన్ ప్రకారం ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా పిల్లల్ని బడి నుంచి తీసేయకూడదు. అందుకని తల్లిదండ్రులే టీసీ అడిగేలా ఒత్తిడి తెచ్చిన బళ్లను చూశాను. అది తప్పు.

నన్నడిగితే అసలు మూలం మనం రోజూ వాడే ఒక మాటలో ఉంది. ఒకటో తరగతి పిల్ల వచ్చి "మిస్, వాడు గిల్లాడు" అంటే "చాడీలు చెప్పకు, వెళ్లి కూర్చో" అంటాం. నేనూ చాలా ఏళ్లు అన్నాను. ఆ పిల్ల ఏడో తరగతికి వచ్చేసరికి కళ్లముందు ఏం జరిగినా నోరు విప్పదు. ఒకడిని తిట్టించాలని చెప్పేది చాడీ, ఒకడిని కాపాడాలని చెప్పేది చాడీ కాదు అని ఇప్పుడు జూన్‌లో మొదటి వారమే మా క్లాసులో చెబుతున్నాను. కెనడాలో ఆటస్థలాల్లో పిల్లల్ని వీడియో తీసి చూశారు. తోటి పిల్లలు అడ్డుపడినప్పుడు సగానికి పైగా సార్లు పది సెకన్లలోపే ఏడిపింపు ఆగిపోయింది. 2001లో వచ్చిందది. ఫిన్లాండ్ బళ్లలో నడిచే కివా కార్యక్రమం కూడా ప్రధానంగా ఈ చూస్తూ ఉండే పిల్లల మీదే పనిచేస్తుంది.

కానూరు గారూ, మీ వ్యాన్‌లో ఎంతమంది పిల్లలు? డ్రైవర్ ఏమంటాడు?

కానూరు అమ్మ:
పద్నాలుగు మంది. డ్రైవర్ కూడా నవ్వుతాడట.

సత్యనారాయణపురం:
అందరూ ఏడిపించేవాడి భవిష్యత్తు గురించే మాట్లాడుతున్నారు. మా అమ్మాయిని ఎవరూ కొట్టలేదు. నల్లగా ఉందని ఒక పేరు పెట్టి, ఆ పేరుతో ఇన్‌స్టాగ్రామ్‌లో గ్రూపు పెట్టుకుని, లంచ్‌లో పక్కన కూర్చోకుండా చూసుకున్నారు. తొమ్మిదో తరగతి. బడివాళ్లు మీ అమ్మాయి సున్నితం అన్నారు. చివరికి బడి మారింది మేమే. మళ్లీ ఫీజు, మళ్లీ యూనిఫాం, పదో తరగతి ముందు కొత్త టీచర్లు. ఆ నలుగురూ అదే బెంచీలో ఉన్నారు.

తీసేయకూడదని చట్టం అంటే సరే. కానీ పక్కకు జరగాల్సింది ఎవరు? వ్యాన్ మారినా సెక్షన్ మారినా వాళ్లు మారాలి, మీ బాబు కాదు. ఫిర్యాదు నోటితో చెప్పకండి. తేదీ వేసి రాసివ్వండి, నకలు మీద స్టాంపు వేయించుకోండి. కదలకపోతే 1098కి ఫోన్ చేయండి, చైల్డ్ హెల్ప్‌లైన్. మాకు అప్పట్లో ఇది చెప్పినవాళ్లు లేరు.

పోరంకి తల్లి:
రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. మా ఇంట్లో ఏడిపించినవాడు మా అబ్బాయి.

ఆరో తరగతిలో హాస్టల్లో వేశాం. వారం వారం పరీక్ష, మార్కుల్ని బట్టి సెక్షన్. రెండుసార్లు కింద సెక్షన్‌కి దించారు. సెలవులకు ఇంటికొస్తే మేమూ వాళ్ల పెదనాన్న కొడుకుతో పోల్చి మొద్దు అన్నాం. అన్నం పెడుతూ అన్నాం. ఏడో తరగతికి ఇక్కడే బడిలో చేర్చాక, శ్రీకాకుళం నుంచి వచ్చిన ఒక పిల్లవాడి యాస పట్టుకుని వెక్కిరించడం మొదలుపెట్టాడు. టీచర్ ఫోన్ చేసి మీ అబ్బాయి వల్ల క్లాసు పాడవుతోందన్నారు. మా ఆయన బెల్టు తీశారు. రెండు వారాలు ఫిర్యాదు లేదు, మారాడనుకున్నాం. తీరా చూస్తే టీచర్లు తిరగని చోటు వెతుక్కున్నాడు, అంతే. ఆ పిల్లవాడి అమ్మ మా గుమ్మంలో నిలబడి, లోపలికి రమ్మన్నా రాకుండా మాట్లాడి వెళ్లింది. ఆ రోజు తలుచుకుంటే ఇప్పటికీ నిద్రపట్టదు. టీసీ మేమే తీసుకున్నాం. కొత్త బడిలో నెల తిరక్కుండా ఇంకో పిల్లవాడు దొరికాడు.

మావాడిని వెనకేసుకు రావడం లేదు. టీసీ వల్ల ఒక తల్లి ఏడుపు ఇంకో తల్లికి చేరిందని చెబుతున్నాను. అక్కడి పీఈటీ సార్ మాత్రం వాడిని వదల్లేదు. చిన్న తరగతుల పిల్లలకు వాలీబాల్ నేర్పే పని అప్పగించారు, ప్రతి శుక్రవారం పక్కకు పిలిచి ఈ వారం ఎవరినేమన్నావని అడిగేవారు. ఇంట్లో మొద్దు అన్న మాట ఆపేశాం. ఏడాది పట్టింది. మధ్యలో రెండుసార్లు మళ్లీ మొదలుపెట్టాడు.

ఆటోనగర్ నాన్న:
నాది దెబ్బలాట అన్న మాట ఒప్పుకుంటున్నాను టీచరమ్మా. నీళ్లు తాగని సంగతి మొదట సరిగ్గా చదవలేదు, మళ్లీ చదివితే కడుపు తరుక్కుపోయింది. కరాటే మాట మాత్రం వెనక్కి తీసుకోను. కొట్టడానికి కాదు, ఒంట్లో ధైర్యం వస్తుందని. ముందు ఆ డ్రైవర్‌ని మార్చమని అడగండి. నవ్వే పెద్దవాడు ఉన్నచోట పిల్లలు ఎందుకు ఆగుతారు?

కానూరు అమ్మ:
ఇవాళ రాసిచ్చి స్టాంపు వేయించుకున్నాను. టీసీ అడగలేదు. వ్యాన్‌లో ఆయాని పెట్టమన్నాను, ఆ అబ్బాయి ఆమె పక్కన ముందు సీట్లో కూర్చోవాలన్నాను, లంచ్‌లో బాత్రూమ్ దగ్గర ఒక టీచర్ ఉండాలన్నాను. ఆయాకీ టీచర్‌కీ ఒప్పుకున్నారు, సీటు మాట రేపు చెబుతామన్నారు. మా వారికి ఇంకా కోపం తగ్గలేదు.

ఆ అబ్బాయి వాళ్లమ్మ నంబరు సంపాదించాను, కానీ చేయలేకపోయాను. పోరంకి అక్కా, ఆ రోజు టీచర్ ఎలా చెప్పి ఉంటే మీరు వినేవారు?

పోరంకి తల్లి:
మీ అబ్బాయి అని మొదలుపెట్టకండి చెల్లీ. ఆ మాట వినగానే నా మనసు గట్టిపడింది, తర్వాత చెప్పిందేదీ ఎక్కలేదు. మీ బాబు గురించి చెప్పండి. సీసా నిండుగా తిరిగొస్తోందని చెప్పండి, అది ఏ తల్లికైనా అర్థమవుతుంది. వాళ్లాయన ఇంట్లో లేని వేళ చూసి చేయండి. ముందుగా ఆమే పిల్లాడితో ఒంటరిగా మాట్లాడాలి.